టీబీ మాత్రలు, పారాసిటమాల్, నేల ఉసిరి పసరు: ఉద్దానంలో ఒక లివర్ కేసు

శ్రీకాకుళం జిల్లాలో టీబీ మందులు వాడుతున్న మనిషికి కళ్లు పచ్చబడితే, ఆసుపత్రికి రాకముందే ఎక్కడో ఒకచోట పసరు పడి ఉంటుంది. ఆ పసరులో ఎక్కువసార్లు ఉండేది నేల ఉసిరి. నేల ఉసిరి నుంచి వేరుచేసిన ఒక ప్రోటీన్, మందుల వల్ల దెబ్బతినే ఎలుకల కాలేయాన్ని కాపాడిందని ప్రయోగశాలల్లో తేలిన మాట నిజమే. ఆ ప్రయోగానికీ, గ్లాసులో పోసి ఇచ్చే పసరుకూ ఉన్న దూరం ఎంతో చూపించడానికి ఈ కేసు పనికొస్తుంది. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాం.

కేసు

మహిళ, 44 ఏళ్లు, పలాస చుట్టుపక్కల గ్రామం. జీడి పిక్కలు కొట్టే పని. బరువు 41 కిలోలు. కళ్లె పరీక్షలో ఊపిరితిత్తుల టీబీ తేలింది. నాట్ అనే జన్యు పరీక్షలో, క్రిములకు రిఫాంపిసిన్ మందు పట్ల నిరోధకత లేదని తేలింది. నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకు మూడు చొప్పున మొదలుపెట్టారు. ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి రోజుకు అందింది వరుసగా 225, 450, 1200, 825. మొదలుపెట్టే ముందు ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 28, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) 0.6, రెండూ మామూలే. మద్యం అలవాటు లేదు.

18వ రోజు నుంచి వికారం, అన్నం సయించకపోవడం. టీబీ మాత్రలకు కడుపులో తిప్పడం మామూలేనని ఇంట్లో సరిపెట్టుకున్నారు. 20వ రోజున ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రకాల మాత్రలు తీసుకుంది: పారాసిటమాల్ 650 రోజుకు మూడు, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పిమందుతో కలిపిన పారాసిటమాల్ 325 రోజుకు రెండు. అంటే రోజుకు 2,600 మిల్లీగ్రాముల పారాసిటమాల్, కిలోకు 63 మిల్లీగ్రాముల చొప్పున. పెద్దలకు రోజుకు 4 గ్రాములు దాటకూడదన్న హద్దులోనే ఉంది. కానీ ఆ హద్దు కడుపునిండా తినే మనిషికి పెట్టినది. ఈమె అప్పటికే సగం తిండి మానేసింది.

23వ రోజున మూత్రం ముదురు పసుపు. మర్నాటి నుంచి మూడు పొద్దులు పరగడుపున నేల ఉసిరి పసరు, దాంతోపాటు పథ్యం: నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు, మజ్జిగన్నమే. ఈ మూడు రోజులూ టీబీ మాత్రలు ఆపలేదు. "మద్దెలో మానేస్తే జబ్బు తిరగబెడతాదని మీరే సెప్పినారు గదా" అని భర్త అన్న మాటలో తప్పేమీ లేదు. మాత్ర మానొద్దని అందరం చెబుతాం, ఎప్పుడు మానాలో చెప్పడం మరుస్తాం. 27వ రోజున ఆశా కార్యకర్త కళ్లు చూసి పంపించింది.

మొదటి రిపోర్టు

ఎస్‌జీపీటీ 684, ఎస్‌జీఓటీ (అలాంటిదే మరో ఎంజైమ్) 742, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పైత్యం ఆగితే పెరిగేది) 148, మొత్తం బిలిరుబిన్ 4.8 (డైరెక్ట్ 3.1), ఆల్బుమిన్ (కాలేయం తయారుచేసే రక్తపు ప్రోటీన్) 2.9, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడంలో ఆలస్యాన్ని చూపేది) 1.5, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపేది) 1.1. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ నాలుగూ నెగెటివ్. అల్ట్రాసౌండ్‌లో పైత్యనాళాలు మామూలుగానే ఉన్నాయి, రాళ్లు లేవు. హెపటైటిస్ ఇ పరీక్ష మన ప్రాంతంలో వదిలేయకూడదు. తాగునీటి ద్వారా వచ్చే ఈ జబ్బును మందుల మీదికి తోసేసి, అక్కర్లేకుండా టీబీ కోర్సును చెడగొట్టిన సందర్భాలుంటాయి.

ఈ అంకెల్లో ముందు చూడాల్సింది దెబ్బ ఏ తీరుదన్నది. ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠం 40 అనుకుంటే 684 అంటే 17 రెట్లు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గరిష్ఠం 120 అనుకుంటే 148 అంటే 1.2 రెట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 14 దాకా వస్తుంది. 5, ఆపైన వస్తే కాలేయ కణాలే చనిపోతున్నట్టు; 2, ఆలోపు వస్తే పైత్యం ఆగిపోయినట్టు. ఇది ముమ్మాటికీ మొదటి రకం. ఇక చూడాల్సిన రెండో సంగతి: ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటి, బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే, పైత్యనాళానికి అడ్డు ఏదీ లేనప్పుడు, అది ప్రమాదపు గీత. కాలేయ నిపుణుడు హైమన్ జిమ్మర్‌మన్ చెప్పిన ఈ లెక్క ప్రకారం ఇలాంటివారిలో సుమారు పదిమందిలో ఒకరు చనిపోవచ్చు. పసుపు రంగు కనబడ్డాక కూడా మాత్రలు మింగిన నాలుగు రోజులు ఎంత ఖరీదైనవో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడో చిన్న జాగ్రత్త. రక్తం తీసేటప్పుడు సిరంజి గట్టిగా లాగినా, నమూనా ఎండలో ఆటోలో ఊగుతూ వెళ్లినా ఎర్రకణాలు పగిలి ఎస్‌జీఓటీ, పొటాషియం దొంగగా పెరుగుతాయి. ఎస్‌జీపీటీ మీద ఆ ప్రభావం తక్కువ. మందులు ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ చూసి తీసుకోవాలి.

దోషి ఎవరు?

నలుగురు అనుమానితులున్నారు. ఐసోనియాజిడ్ కాలేయంలో అసిటైల్ హైడ్రజిన్‌గా మారి, సైటోక్రోమ్ 2ఈ1 అనే ఎంజైమ్ చేతిలో పడి విషపదార్థాలవుతుంది. పైరజినమైడ్ మోతాదును బట్టి దెబ్బ తీస్తుంది. అనుమానం ఉన్న మూడు టీబీ మందుల్లో కాస్త మొండిది ఇదే, ఆపాక కూడా కోలుకోవడం ఆలస్యమవుతుంది. రిఫాంపిసిన్ ఒక్కటే అయితే ఎక్కువగా పైత్యం తరహా కామెర్లు తెస్తుంది, ఐసోనియాజిడ్‌తో కలిసినప్పుడు దాని విషాన్ని పెంచుతుంది. నాలుగోది పారాసిటమాల్.

పారాసిటమాల్‌లో ఎక్కువ భాగం గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాల్లో నిరపాయంగా బయటికి పోతుంది. 5 నుంచి 10 శాతం మాత్రం అదే 2ఈ1 ఎంజైమ్ ద్వారా నాప్‌క్వి అనే విషంగా మారుతుంది. దాన్ని కాలేయంలో ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం పట్టుకుని తటస్థం చేస్తుంది. గ్లూటాథయోన్ నిల్వలో 70 శాతం దాకా ఖర్చయిపోతే నాప్‌క్వి కణంలోని ప్రోటీన్లకు అతుక్కుని, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను కూల్చేస్తుంది. ఐసోనియాజిడ్ ఈ ఎంజైమ్‌ను పెంచే మందు. పస్తు, పథ్యం గ్లూటాథయోన్‌ను తగ్గించేవి. రెండూ ఒకే మనిషిలో కలిస్తే 2.6 గ్రాములు కూడా తక్కువ కాదు. మా అంచనా: మొదటి దెబ్బ టీబీ మందులదే, వికారం 18వ రోజున, నొప్పిమాత్రలకు ముందే మొదలైంది కాబట్టి. పారాసిటమాల్ దాన్ని లోతు చేసింది.

పసరును కూడా అనుమానితుల్లోంచి కొట్టేయలేం. మూత్రం రంగు మారాకే ఇచ్చారు కాబట్టి మొదటి కారణం కాదు. కానీ అందులో ఏ ఆకులున్నాయో ఇచ్చినవాళ్లు చెప్పరు. అందుకే "ఆ మొక్క ఒకటి పట్రండి" అని అడిగాం. తెచ్చిన మొక్క నేల ఉసిరే, అయితే ఏ నేల ఉసిరి? మన పొలాల్లో ఫిల్లాంథస్ అమారస్ అనే జాతి ఎక్కువ. ఫ్రాటర్నస్, డెబిలిస్, ఎర్రకాడ యూరినేరియా కూడా అదే పేరుతో చెల్లుతాయి. పరిశోధన పత్రాల్లో 'నిరూరి' అని రాసినదానికీ చేతిలో ఉన్నదానికీ పొంతన కుదరకపోవడం ఇక్కడే మొదలవుతుంది.

నేల ఉసిరి ప్రోటీన్ గురించి తెలిసినది

కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో పరమేశ్ సిల్ బృందం 2006, 2007 ప్రాంతంలో నేల ఉసిరి ప్రోటీన్ భాగాన్ని వేరుచేసి చుంచెలుకల మీద పరీక్షించింది. పారాసిటమాల్‌తో ఒకసారి, కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో ఇంకోసారి. ప్రోటీన్ అందిన ఎలుకల్లో ఎస్‌జీపీటీ తక్కువ పెరిగింది, గ్లూటాథయోన్ నిలబడింది, సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్, కేటలేజ్ లాంటి రక్షణ ఎంజైములు పడిపోలేదు. తర్వాత 35 కిలోడాల్టన్ల (ప్రోటీన్ అణువు బరువు కొలత) ప్రోటీన్‌ను శుద్ధి చేసి వివరించారు. అదే బృందం కంది ఆకులోంచి 43 కిలోడాల్టన్ల ప్రోటీన్ తీసి ఇలాంటి ఫలితాలే చూపింది. మన మెట్ట చేలల్లో కంది లేని ఊరు లేదు కాబట్టి ఈ వార్త ఇక్కడికి చేరితే కంది ఆకు పసరు కూడా మొదలవుతుందన్నది మా భయం. పాలలో ఉండే లాక్టోఫెరిన్ కూడా చుంచెలుకల్లో పారాసిటమాల్ దెబ్బను తగ్గించిందని 2010లో వచ్చింది. అది మందు విషంగా మారడాన్ని ఆపలేదు, కాలేయంలోని కుప్ఫర్ అనే రోగనిరోధక కణాల ద్వారా పనిచేసింది. జున్నుపాలలో లాక్టోఫెరిన్ దండిగా ఉంటుంది. అవి కాచి గట్టిపడేసరికి ఆ ప్రోటీన్ రూపం చాలావరకు చెడిపోతుంది.

ఈ ఫలితాలు అబద్ధం కాదు. కానీ వాటిని మనిషికి అన్వయించే ముందు నాలుగు అడ్డంకులు దాటాలి, ఒక్కటీ చిన్నది కాదు.

మొదటిది, తీసే పద్ధతి. ప్రోటీన్‌ను చల్లటి బఫర్‌లో, సుమారు 4 డిగ్రీల దగ్గర నూరి, గుడ్డలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అమ్మోనియం సల్ఫేట్‌తో అవక్షేపించి, ఉప్పును డయాలిసిస్‌తో తొలగించి, కాలమ్ మీద వేరుచేస్తారు. జెల్ మీద ఒక్క గీత వచ్చాకే అది శుద్ధమైనట్టు. ఇంట్లో రోట్లో నూరిన పసరులో ఆ ప్రోటీన్ ఉంటే ఉండొచ్చు, దానితో పాటు ఆకులోని టానిన్లూ ఉంటాయి. అవి ప్రోటీన్లను పట్టుకుని ముద్దచేస్తాయి. కషాయం కాచితే ప్రోటీన్ మడతలు విప్పుకుని పనికిరాకుండా పోతుంది. గుడ్డు ఉడికితే తెల్లసొన తిరిగి పల్చబడదు కదా.

రెండోది, చేరే దారి. ఎలుకలకు ప్రోటీన్‌ను పొట్టకుహరంలోకి సూదితో ఇచ్చారు. తాగిన ప్రోటీన్ జఠర ఆమ్లం, పెప్సిన్, ట్రిప్సిన్‌ల చేతిలో ముక్కలై అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి వెళుతుంది. ఆ దశలో నేల ఉసిరి ప్రోటీన్‌కూ కందిపప్పు ప్రోటీన్‌కూ పెద్ద తేడా ఉండదు. సూదితో మనిషికి ఇవ్వొచ్చా అంటే, పరాయి మొక్క ప్రోటీన్‌ను రక్తంలోకి ఎక్కిస్తే అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీతో ప్రాణం పోవచ్చు. అలాంటి ఇంజెక్షన్ వైద్యంలో లేదు.

మూడోది, సమయం. ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువ భాగం విషానికి ముందే రక్షణ ఇచ్చేవి. ఎలుకలో పారాసిటమాల్ దెబ్బ గంటల్లో తేలిపోతుంది. పైగా ముందే ఇచ్చిన పదార్థం 2ఈ1 ఎంజైమ్‌ను కట్టేసి నాప్‌క్వి తయారీనే తగ్గిస్తే కూడా ఎస్‌జీపీటీ తగ్గుతుంది. దాన్ని 'కాలేయ రక్షణ' అని పొరబడే వీలుంది. ఇలాంటి పత్రం చదివేటప్పుడు నాప్‌క్వి అతుక్కున్న ప్రోటీన్లను కొలిచారా లేదా అని చూడాలి. మా రోగి పసరు తాగింది దెబ్బ తగిలాక, అది కూడా దెబ్బ కొట్టే మాత్రలు ఇంకా మింగుతూ.

నాలుగోది, జబ్బు ఒకటే కాదు. పారాసిటమాల్ దెబ్బ మోతాదును బట్టి అందరికీ తగులుతుంది. టీబీ మందుల దెబ్బ కొందరికే, వారాల తరబడి, వాళ్ల జన్యువులనూ రోగనిరోధక స్పందననూ బట్టి వస్తుంది. మొదటిదానికి ఎలుకలో పనిచేసినది రెండోదానికి పనిచేస్తుందనడానికి ఆధారం వేరుగా కావాలి.

నేల ఉసిరికి ఇలాంటి చరిత్ర కొత్తదేం కాదు. 1988లో మద్రాసు నుంచి అమారస్ మొక్క పొడితో హెపటైటిస్ బి వైరస్ పోయిందన్న పత్రం ప్రపంచమంతా చర్చకెక్కింది; తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

చేసిన చికిత్స

మొదటి గంటలోనే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, నొప్పిమాత్రలు, పసరు అన్నీ ఆపేశాం. ఎస్‌జీపీటీ లక్షణాలతో 3 రెట్లు, లక్షణాలు లేకున్నా 5 రెట్లు దాటితే ఆపాలన్నది నియమం. కళ్లు పచ్చబడితే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆ పూట మాత్ర ఆపి పంపించాలి. ఇది ఆశా కార్యకర్తలకు చెప్పాల్సిన మొదటి మాట.

కళ్లెలో క్రిములున్న రోగి కాబట్టి టీబీని పూర్తిగా వదిలేయలేం. కాలేయానికి భారం కాని మందులతో వంతెన కట్టాలి. మామూలుగా ఇథాంబుటాల్, లెవోఫ్లాక్సాసిన్, వాటితో కిడ్నీకి చేటు చేయగల సూదిమందు స్ట్రెప్టోమైసిన్ లేదా అమికాసిన్. ఇక్కడే, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం గుర్తుకు రావాలి. క్రియాటినిన్ 1.1 చూస్తే మామూలుగా ఉంది. 44 ఏళ్లు, 41 కిలోల మహిళకు లెక్క కడితే క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని శుభ్రం చేసే వేగం, నిమిషానికి 42 మిల్లీలీటర్లే. కిడ్నీకి పడని ఎసిక్లోఫెనాక్ కొన్ని రోజులు వాడింది కూడా. కవిటి, సోంపేట, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవారికి స్ట్రెప్టోమైసిన్ రాసేముందు ఈ లెక్క వేయకపోతే కాలేయం బాగుపడేలోగా కిడ్నీ పోతుంది. అందుకే సూదిమందు లేకుండా ఇథాంబుటాల్ 600, లెవోఫ్లాక్సాసిన్ 500తో నడిపాం. రెండు మందులతోనే ఎక్కువకాలం నడపడం మంచిది కాదని తెలిసే, మిగతావి వీలైనంత త్వరగా మొదలుపెట్టాలనుకున్నాం.

ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇచ్చాం. ఇది ప్రోటీన్ కాదు, సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు రూపం. గ్లూటాథయోన్ తయారీకి కావాల్సిన ముడిసరుకు. 41 కిలోలకు లెక్క: మొదటి గంటలో కిలోకు 150 చొప్పున 6,150 మిల్లీగ్రాములు, తర్వాత 4 గంటల్లో 50 చొప్పున 2,050, ఆ తర్వాత 16 గంటల్లో 100 చొప్పున 4,100. మొత్తం 12.3 గ్రాములు, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో. మొదటి గంటలో ఒళ్లు ఎర్రబడడం, దురద, ఆయాసం రావచ్చు. అలా వస్తే ఆపి, మందిచ్చి, తగ్గాక నెమ్మదిగా తిరిగి పెట్టాలి. మందు పడదని రాసి పూర్తిగా మానేయడం తప్పు. పారాసిటమాల్ పాలు ఎంతో తేల్చలేం కాబట్టి ఇవ్వడం న్యాయం. ఒక్క టీబీ మందుల దెబ్బకే అయితే దీని బలం తక్కువ: కేప్‌టౌన్‌లో జరిగి 2021లో వెలువడిన ట్రయల్‌లో ఎస్‌జీపీటీ దిగే వేగం మారలేదు, ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గాయి.

విటమిన్ కె 10 మిల్లీగ్రాములు ఇచ్చి ఐఎన్‌ఆర్ మళ్లీ చూశాం. పూటకోసారి తేదీ, ఊరి పేరు అడగడం, చేతులు చాచమని వణుకు చూడడం, పగలు నిద్రపోతూ రాత్రి మేల్కొంటోందా అని ఇంటివాళ్లని అడగడం. ఐఎన్‌ఆర్ 1.5, ఆపైన ఉన్న మనిషి తికమకపడితే అది లివర్ ఫెయిల్యూర్. ఇక జిల్లాలో ఉంచకూడదు, విశాఖ పంపాలి. ఈమెకు ఆ అవసరం రాలేదు.

మందులు ఆపిన రోజు నుంచి లెక్కిస్తే, 3వ రోజు ఎస్‌జీపీటీ 561, బిలిరుబిన్ 5.6. 7వ రోజు 298, 4.1. 14వ రోజు 121, 2.2. 21వ రోజు 66, 1.1. మూడో రోజున పసుపు పెరిగినందుకు ఇంటివాళ్లు కంగారుపడి మళ్లీ పసరు ఊసెత్తారు. బిలిరుబిన్ ఎప్పుడూ ఎస్‌జీపీటీ వెనకాలే దిగుతుంది, ఐఎన్‌ఆర్ 1.4కు తగ్గింది కాబట్టి కాలేయం తేరుకుంటోంది. ఎనిమిది రోజుల్లోపు ఎస్‌జీపీటీ పెరుగుదల సగానికి పైగా పడిపోవడం మందుల దెబ్బకు బలమైన సాక్ష్యం. పసరు ఇచ్చినవాళ్ల పేరు నిలబడేది కూడా ఈ లెక్క వల్లే: మందు ఆపగానే దానంతటది తగ్గే జబ్బులో ఆ వారం ఎవరు ఏమిస్తే వారికే ఖ్యాతి.

పళ్లెంలో ప్రోటీన్

పథ్యం తీసేయించడానికి మాత్రల కన్నా ఎక్కువ మాట్లాడాల్సి వచ్చింది. ఆల్బుమిన్ 2.9 ఉన్న మనిషికి పప్పు, గుడ్డు మాన్పిస్తే గ్లూటాథయోన్ కట్టుకోవడానికి సిస్టీన్ ఎక్కడి నుంచి వస్తుంది? లక్ష్యం కిలో బరువుకు 1.2 గ్రాముల ప్రోటీన్, అంటే రోజుకు 50 గ్రాముల దాకా. కిడ్నీని చూసి 1.5కు పోలేదు. 250 గ్రాముల బియ్యంలో 18, రెండు గుడ్లలో 12, 50 గ్రాముల కందిపప్పులో 11, గ్లాసు పాలలో 6, మధ్యలో చోడి (రాగి) అంబలిలో 3. వికారం ఉన్న మొదటి వారం ఇవన్నీ ఒక్కపూట దిగవు; అంబలి, పాలు, మెత్తటి పప్పన్నం కొంచెం కొంచెంగా ఆరుసార్లు. ఎండుచేప మాత్రం ఉప్పు వల్ల వద్దన్నాం. టీబీ రోగుల తిండి కోసం నిక్షయ్ పోషణ యోజన కింద ప్రభుత్వం నెలకు ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి 500 కాదు, 1000 రూపాయలు; ఆ సొమ్ముతో రోజుకు రెండు గుడ్లు వస్తాయని చెబితే లెక్క వెంటనే అర్థమైంది.

తిరిగి మొదలుపెట్టడం

ఎస్‌జీపీటీ 80 లోపు, అంటే రెండు రెట్ల లోపు వచ్చాక 22వ రోజున రిఫాంపిసిన్ 450 ఒక్కటే మొదలుపెట్టాం. ఈ దశలో అన్నీ కలిసిన మాత్ర వాడకూడదు, విడి మందులు ముందే తెప్పించుకోవాలి. చాలాచోట్ల ఆలస్యం ఇక్కడే. వారం తర్వాత ఎస్‌జీపీటీ 58. అప్పుడు ఐసోనియాజిడ్ 100, మూడు రోజుల తర్వాత 200, దానితో పిరిడాక్సిన్ (విటమిన్ బి6). ఇంకో వారానికి 52. లెవోఫ్లాక్సాసిన్ ఆపేశాం. పైరజినమైడ్ జోలికి పోలేదు: కామెర్లు, ఐఎన్‌ఆర్ పెరుగుదల వచ్చిన మనిషికి మళ్లీ పెట్టి చూడడం వల్ల వచ్చే లాభం కన్నా ప్రమాదం ఎక్కువ. అది లేనందుకు కోర్సు తొమ్మిది నెలలు: రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్, తర్వాత ఏడు నెలలు మొదటి రెండే. ఇథాంబుటాల్ ఉన్నన్నాళ్లూ నెలకోసారి చూపు, ఎరుపు ఆకుపచ్చ తేడా పరీక్షించాలి. కిడ్నీ తగ్గినవాళ్లలో ఈ మందు పేరుకుంటుంది.

చికిత్స కార్డు మీద ఎర్ర ఇంకుతో నాలుగు లైన్లు రాసిచ్చాం. పైరజినమైడ్ ఇవ్వరాదు. నొప్పికి పారాసిటమాల్ 500 రోజుకు రెండుకు మించి వద్దు, జలుబు మాత్రలో ఉన్నదీ అందులోనే లెక్క. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ అసలే వద్దు. వాంతులు, ముదురు మూత్రం, పసుపు కళ్లలో ఏది కనిపించినా ఆ పూట మాత్ర మింగకుండా కార్డు పట్టుకుని రావాలి. ఈ కార్డును టీబీ యూనిట్‌లోనే కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీకీ, మందుల షాపులోనూ చూపించమన్నాం. మొదటి రెండు నెలలు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, వాటితోపాటు క్రియాటినిన్.